రెండో చెయ్యి

రగ్నా ఆఫీసుకి వచ్చేవాళ్ళు మామూలుగా తమ తప్పేమీ లేదని చెప్పుకోవడానికే వస్తారు. మే నెలాఖరులో ఆ మంగళవారం ఉదయం వచ్చిన మనిషి మాత్రం గుమ్మంలో తడి బూట్లు విప్పుతూనే నేరం ఒప్పేసుకున్నాడు.

"నా కూతుర్ని మంచాన పడేసింది నేనే," అన్నాడు. "ఎలా పడేశానో మాత్రం అంతుపట్టడం లేదు. అది కనుక్కుని చెప్పండి. శుక్రవారం పోలీసుల దగ్గర సంతకం పెట్టాలి."

రగ్నా ఆయన్ని ఎగాదిగా చూసి కుర్చీ చూపించింది. ఆమెకి అరవై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు బీమా కంపెనీల తరఫున నుజ్జయిన బళ్ళని పరీక్షించి, రిటైరయ్యాక మా ఊరు స్కారవిక్‌లో చేపల గోదాము పైన రెండు గదులు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. మొదట ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్ళే తర్వాత ఒకరొకరుగా ఆ మెట్లెక్కారు. ఆమె సహాయకుడు హాల్వోర్ ఒకప్పుడు ఫెర్రీలో టికెట్లు చించేవాడు. రగ్నా తుమ్మినా అందులో ఏదో లాజిక్కు ఉంటుందని నమ్మే రకం. అతనే ఇప్పుడు కాఫీ తెచ్చి పెట్టాడు.

వచ్చినాయన టోర్గేర్, పడవలు బాగుచేసే వడ్రంగి. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషే, కానీ ఈ మూడు వారాల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు. కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడే గానీ తాగలేదు.

"మొదట్నుంచీ చెప్పండి," అంది రగ్నా.

జరిగింది ఊరికి తెలుసు. మే మొదటి ఆదివారం మోటారుసైకిల్ క్లబ్బు వాళ్ళ మొదటి ప్రయాణం. చలికాలమంతా షెడ్లలో నిద్రపోయిన బళ్ళు ఆ రోజే రోడ్డెక్కుతాయి. ఈ ఏడు అందరికంటే ముందు నడిపింది టోర్గేర్ కూతురు సిన్నె, ఇరవై ఆరేళ్ళ పిల్ల. కొండ దిగే పదకొండు మలుపుల్లో ఏడో మలుపు దగ్గర ముందు బ్రేకు నొక్కితే లివరు పట్టు లేకుండా హ్యాండిల్‌కి తగిలింది. ఒక్క వెనక బ్రేకుతో ఆ వాలులో బండి ఆగదు. రాతిగోడ మీంచి అవతలికి పడింది. నడుం ఎముక, ఎడమ కాలు విరిగాయి. మళ్ళీ ఎప్పటికి నడుస్తుందో డాక్టర్లు చెప్పడం లేదు.

"బ్రేకుల పని ఎవరు చేశారు?"

"నేనే. ఏప్రిల్ ఆఖరి గురువారం, మా షెడ్డులో. పాత బ్రేకాయిలు తీసేసి కొత్తది పోశా. ఒక్కణ్ణే."

"ఒక్కరే ఎలా చేశారు?" అని మధ్యలో దూరాడు హాల్వోర్. "ఒకరు పైన లివరు నొక్కాలి, ఇంకొకరు కింద స్క్రూ వదిలి బిగించాలి. లేకపోతే గాలి వెనక్కి లాగేస్తుందిగా."

"ఆ స్క్రూల బదులు కొత్తరకం బ్లీడర్ వాల్వులు వేశా. బండితో వచ్చినవి కావు, బయటి కంపెనీవి. లోపల చిన్న గోలీ, స్ప్రింగూ ఉంటాయి. నొక్కితే ఆయిలూ గాలీ బయటికి పోతాయి, వదిలితే గోలీ మూసుకుంటుంది. గాలి లోపలికి రాదు. ఇంకో మనిషి అక్కర్లేదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన తల కాఫీ కప్పు మీదకి వంగిపోయింది.

రగ్నా ఆ వంగిన తల వైపే చూస్తూ అడిగింది. "మీ క్లబ్బులో రెండో చెయ్యి అని ఒక పద్ధతి ఉందిగా?"

ఉంది. ప్రయాణానికి ముందురోజు శనివారం అందరూ క్లబ్బు కొట్టంలో చేరి, కూలీ నాలీ లేకుండా కలిసి బళ్ళన్నీ సిద్ధం చేసుకుంటారు. దీన్నే దుగ్నాద్ అంటారు. ఆ దుగ్నాద్‌కి రానివాణ్ణి మా ఊళ్ళో మనిషిగా లెక్కేయరు. బ్రేకు పని చేసినవాడు ఆఖరి బిగింపు తను వేయకూడదు. లివరు నొక్కినవాడు, అంటే రెండో చెయ్యి, వచ్చి పానాతో చివరి పట్టు పట్టి, స్క్రూ మీంచి, చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్ మీదకి తన రంగుతో ఒక గీత గీస్తాడు. స్క్రూ ఏమాత్రం కదిలినా గీత తెగిపోయి కనిపిస్తుంది. ఎవరి రంగు వాళ్ళది.

"ఈసారి గీత ఎవరు గీశారు?"

"నేనే. నాది పసుపు."

"మీ రెండో చెయ్యి ఎవరు?"

"స్టైనార్. పక్కిల్లే. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాడే."

"మరి ఈ ఏడు పిలవలేదేం?"

"ఊరికే. వాడికి తీరిక ఉండదేమోనని," అన్నాడు టోర్గేర్. ఆ మాట అబద్ధమని హాల్వోర్‌కి కూడా తెలిసిపోయింది.

"అమ్మాయి ఏమంటోంది?"

"తెలీదండీ. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

పోలీసుల నివేదిక నకలు బల్ల మీద పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. కాఫీ అలాగే ఉండిపోయింది.

నివేదిక ఒక్క పేజీ. ముందు చక్రానికి రెండు వైపులా ఉండే కాలిపర్లలో కుడిదాని బ్లీడర్ వాల్వు నుంచి ఆయిలు కారిపోయింది, గుర్తుగీత పక్కకి జరిగి ఉంది, కాబట్టి సరిగ్గా బిగించనందువల్ల వదులైంది. ఇది ప్రాథమిక అభిప్రాయం. కింద, వాల్వు తలవైపు నుంచి దగ్గరగా తీసిన ఫోటో.

"ఏం కనిపిస్తోంది, హాల్వోర్?"

"పసుపు గీత రెండు ముక్కలైందండీ. కాలిపర్ మీద ముక్క ఉన్నచోటే ఉంది. వాల్వు మీద ముక్క కుడికి జరిగింది, గడియారం ముల్లు తిరిగే వైపు. ఒకటి రెండు నిమిషాల గుర్తులంత దూరం జరిగింది. పాపం పెద్దాయన, సరిగ్గా బిగించలేదన్నమాట."

"ఏ వైపు అన్నావు?"

"కుడికి."

"సరే, కోటు తీసుకో," అంది రగ్నా.

నుజ్జయిన బండిని పోలీసులు క్లబ్బు కొట్టంలోనే వదిలిపెట్టారు. కొట్టానికి తాళం లేదు. మా ఊళ్ళో తాళం వేస్తే పక్కవాళ్ళు నొచ్చుకుంటారు. వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి విడిభాగాల కొట్టు కోల్‌బైన్ అక్కడే బండి ముందు నిలబడి ఉన్నాడు. గుండుతలా, పెద్ద గొంతూ ఉన్న మనిషి.

"నాకోసమే వచ్చుంటారు," అన్నాడు. "ఆ వాల్వులు అమ్మింది నేనే. దీని పాపం నాదే."

"అలాగా. కారణం అదొక్కటేనా?" అంది రగ్నా. "తొమ్మిదేళ్ళు ముందు నడిపింది మీరట. ఈ ఏడు ఓట్లేసి సిన్నెని ఎన్నుకున్నారు. ఆ పిల్లకి కొమ్ములొచ్చాయి, ఎక్కడో ఒకచోట విరుగుతాయని మీరు అన్నారట."

కోల్‌బైన్ మొహం కందిపోయింది. "అన్నాను. అందరి ముందూ అన్నాను. నోటి దురద. రోజూ పొద్దున్న లేవగానే అదే మాట గుర్తొస్తోంది. కానీ ఆ బండి మీద చెయ్యి వేయలేదమ్మా. అమ్మిన సరుకు గురించైతే ఏ శిక్ష వేసినా పడతాను."

"అయితే ఆ శనివారం దుగ్నాద్‌లో ఏం జరిగిందో చెప్పండి."

"ఏముంది? ఎప్పటిలాగే. సిన్నె బండికి గీత అప్పటికే ఉంది, కాబట్టి ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. అందరం బయట బళ్ళు కడుగుతున్నాం. స్టైనార్ మూలన వాఫిల్స్ వేస్తున్నాడు. అన్నట్టు ఆ రోజు వాఫిల్స్ మాడిపోయాయి! ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. పొగ చూసి నేనే పరిగెత్తి స్విచ్చి ఆపా. 'ముసలోడా, నిద్రపోయావా' అని తిట్టాను కూడా. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు."

రగ్నా మోకాళ్ళ మీద కూర్చుని కుడి కాలిపర్ వాల్వుని పానాతో వదిలింది. అది తేలిగ్గానే వచ్చింది, కానీ పొట్టిగా వచ్చింది. సన్నటి పట్టకారుతో కంతలోంచి గోధుమగింజంత ఇనుప మొనని బయటికి లాగింది. వాల్వు మొన మెడ దగ్గర విరిగి లోపలే ఉండిపోయింది.

ఎడమ కాలిపర్ దగ్గరికి జరిగింది. అక్కడా పసుపు గీత తెగి ఉంది. అదీ కుడికే, దాదాపు అంతే దూరం. ఆ వాల్వు విరగలేదు గానీ మెడ చుట్టూ వెంట్రుకంత పగులు ఉంది.

"రెండూ పగిలాయంటే సరుకే నాసిరకం!" అన్నాడు హాల్వోర్. కోల్‌బైన్ పక్కనున్న పీట మీద కూలబడ్డాడు.

"మీ కొట్టులో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"అమ్మకం ఆపేశా. పెట్టెలో ఉన్నాయి."

రగ్నా నాలుగు తెప్పించుకుంది. ప్యాకెట్టులో ఉన్న కాగితం చదివింది. ఒక మామూలు కాలిపర్ తీసుకుని పొట్టి పానాతో మణికట్టు బలంతో ఒకటి బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. ఏమీ కాలేదు. అలా ఆరుసార్లు చేశాక పానాకి ఒక మూరెడు గొట్టం తొడిగి కాస్త లాగింది. ఈసారి విప్పి చూస్తే మెడ చుట్టూ అదే వెంట్రుక పగులు.

"సరుకులో తప్పులేదు," అంది. కోల్‌బైన్ మొహంలో ఊరట కనబడుతుందని హాల్వోర్ ఎదురుచూశాడు. ఏమీ కనబడలేదు.

స్టైనార్ ఇల్లు టోర్గేర్ ఇంటి కంచెకి ఆనుకునే ఉంటుంది. సన్నగా పొడుగ్గా ఉండే ఒంటరి మనిషి. ఓడల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. తలుపు పిడికి అడ్డంగా చెక్కముక్క కట్టి ఉంది, మోచేత్తో నొక్కినా తెరుచుకునేలా. వంటింట్లో కత్తి పిడులకీ చెంచాలకీ లావుగా గుడ్డ చుట్టి ఉంది. కాఫీ కెటిల్ పిడి పొడుగ్గా చెక్కించాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని పోశాడు.

"కీళ్ళా?" అని అడిగింది రగ్నా.

"ఆఁ, వేళ్ళల్లో. నొప్పి కంటే పెద్ద బాధేంటంటే స్పర్శ తెలీదు. ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే అర్థం కాదు. గుడ్లు కొనడం మానేశా," అని నవ్వబోయాడు.

"టోర్గేర్ ఈసారి మిమ్మల్ని పిలవలేదట."

"పిలవలేదు. ఏదో కొత్త సామాను వచ్చిందట, మనిషి అక్కర్లేదట. వాడిష్టం."

"బాధేసిందా?"

"నాకేం బాధ? పని తప్పింది."

"దుగ్నాద్ రోజు సిన్నె బండి చూశారా?"

"నా పని వాఫిల్స్. బండ్ల దగ్గరికి పోయే అవసరమే రాలేదు."

"ఇంతకీ ఈ ప్రమాదం ఎవరి వల్ల జరిగిందనుకుంటున్నారు?"

స్టైనార్ కిటికీలోంచి పక్కింటి వైపు చూశాడు. "అవన్నీ నాకెలా తెలుస్తాయమ్మా," అన్నాడు.

బయటికొచ్చాక హాల్వోర్ మనసు తేలికపడింది. "ఈ ఊళ్ళో నా తప్పు నా తప్పు అని గుండెలు బాదుకోని మనిషి ఒక్కడైనా దొరికాడండీ. ప్రాణం లేచొచ్చింది."

"నాకు పోయింది," అంది రగ్నా.

మర్నాడు ఫెర్రీలో ఫ్యోర్డ్ అనే సముద్రపాయ దాటి ఆసుపత్రికి వెళ్ళారు. సిన్నె మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. తండ్రి కళ్ళే ఆమెవీ. నాలుక మాత్రం పదును.

"డిటెక్టివా? ఆహా! మా నాన్న నన్ను చూడ్డానికి రాడు గానీ, తను దొంగో కాదో చూడ్డానికి డిటెక్టివ్‌ని పెట్టాడా?"

"లివరు ఒక్కసారిగా పోయిందా, మెల్లగా మెత్తబడుతూ వచ్చిందా?"

"ఒక్కసారిగా. ఆరు మలుపులు రాయిలా గట్టిగా ఉంది. ఏడోదాంట్లో గట్టిగా నొక్కగానే ఉత్తదైపోయింది."

"వదులైన స్క్రూ అయితే ముందు నుంచే కారుతుంది," అని హాల్వోర్ గొణిగాడు. రగ్నా మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపుతో అతను సాయంత్రం దాకా నేల మీద లేడు.

"ఎవరెవరు వస్తున్నారమ్మా నిన్ను చూడ్డానికి?"

"క్లబ్బు వాళ్ళు ఆదివారాలు వస్తారు. కోల్‌బైన్ ఒకసారి వచ్చి గుమ్మంలోంచే పువ్వులిచ్చి పారిపోయాడు. స్టైనార్ మామయ్య రోజూ వస్తాడు. పొద్దున్న ఎనిమిదింటి ఫెర్రీకి వచ్చి, పదకొండింటికి వెళ్తాడు. ఏం మాట్లాడడు. నీళ్ళు ఇస్తాడు, దిండు సర్దుతాడు. కదిలించాలని నేనే జోకులేస్తా, నవ్వడు. మొన్న నేను నొప్పికి అరిస్తే బయటికెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాడట, నర్సు చెప్పింది."

"రేపు మధ్యాహ్నం అందర్నీ ఇక్కడికే పిలుస్తాను. నీకు అభ్యంతరం లేదుగా?"

"నాన్న రాడు."

"వస్తాడు. వస్తేనే జవాబు చెప్తానన్నాను."

గురువారం రెండింటికి ఆసుపత్రి రెండో అంతస్తులో రోగులు కూర్చునే పెద్ద గదిలో చేరారు. సిన్నెని నర్సు చక్రాల కుర్చీలో తెచ్చింది. స్టైనార్, కోల్‌బైన్ పక్కపక్కన కూర్చున్నారు. ఊరి పోలీసావిడ నోటుపుస్తకంతో ఒక పక్కకి కూర్చుంది. టోర్గేర్ ఆఖర్న వచ్చి తలుపుకి దగ్గరగా, కూతురికి దూరంగా కూలబడ్డాడు. ఆమె వైపు చూడలేదు. ఆమె మాత్రం ఆయన్నే చూస్తోంది.

రగ్నా లేచి నిలబడింది.

"నా అనుభవంలో ఇంతమంది దోషులు ఒకేసారి దొరికిన కేసు ఇదే. టోర్గేర్ నేనే అంటాడు. కోల్‌బైన్ నేనే అంటాడు. నివేదిక కూడా టోర్గేరే అంటోంది, వాల్వు వదులైందని. గీత జరిగిందని చూశారు. ఏ వైపు జరిగిందో చూడలేదు." ఫోటో ఎత్తి చూపించింది. "స్క్రూ వదులవ్వాలంటే ఎడమకి తిరగాలి. ఇది కుడికి తిరిగింది. అంటే బిగుసుకుంది. ఏ స్క్రూ కూడా రోడ్డు అదురుకి తనంతట తాను బిగుసుకోదు. టోర్గేర్ గీత గీశాక ఇంకెవరో పానా వేశారు."

టోర్గేర్ తల పైకెత్తాడు. పోలీసావిడ ఫోటో చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఈ వాల్వు లోపలంతా బోలు. గోలీ, స్ప్రింగూ పట్టాలి కదా. మొన దగ్గర అడ్డంగా కంత కూడా ఉంటుంది. అక్కడ ఇనుము చాలా పల్చన. మెల్లగా బిగించమని ప్యాకెట్టులో కాగితం ఉంది. పాత స్క్రూని బిగించినట్టు బిగిస్తే మెడ పగులుతుంది. పగిలినా వెంటనే తెలీదు. మామూలు బ్రేకులకి ఆగుతుంది. కొండ దిగేటప్పుడు గట్టిగా నొక్కితే మొన ఊడిపోతుంది. ఆ గోలీ గాలిని లోపలికి రాకుండా ఆపుతుందే గానీ, ఆయిలు బయటికి పోకుండా ఆపలేదు. ఉన్నదంతా ఒక్కసారిగా చిమ్మేసింది."

"అయితే కావాలని చేశారా?" అంది సిన్నె.

"కీడు తలపెట్టినవాడు వదులు చేస్తాడమ్మా. అదీ ఒకవైపు చేస్తే చాలు. ఇక్కడ రెండు వైపులా బిగించారు, ఒకే కొలతలో, పద్ధతి ప్రకారం. నువ్వు క్షేమంగా ఉండాలని కోరుకున్నవాళ్ళు చేసిన పని ఇది. రెండో చెయ్యి పడకుండా బ్రేకు రోడ్డెక్కకూడదని గట్టిగా నమ్మే మనిషి. శనివారం అందరూ బయట ఉన్నప్పుడు వాఫిల్స్ అలాగే వదిలేసి బండి దగ్గరికి వెళ్ళిన మనిషి. పట్టు తప్పకుండా పానాకి పొడుగాటి పిడి తొడిగే మనిషి. ఎంత బలం పెడుతున్నాడో తన చేతికి తెలియని మనిషి. అందరూ తప్పు నాదంటూ ఉంటే ఆ మాట ఒక్కడే అనలేదు. ఒకసారి మొదలుపెడితే నిజమంతా చెప్పేదాకా ఆగలేనని అతనికి తెలుసు."

ఎవరూ స్టైనార్ వైపు తిరగలేదు. మా ఊరి మర్యాద అలాంటిది. అతనే మెల్లగా లేచాడు.

"టిక్ మంది," అన్నాడు. "చెయ్యి కింద చిన్నగా టిక్ మంది. మరలో మట్టి ఇరుక్కుందేమో అనుకున్నా. అనుకోవాలని అనుకున్నా. అడుగుదామంటే వీణ్ణి అడగాలి. పిలవని పనికి ఎందుకెళ్ళావంటాడు. నా నీలం గీత కూడా గీయలేదు, వీడి కంట పడుతుందని. గీసుంటే వీడు తిట్టేవాడు. తిట్టి విప్పి చూసేవాడు. ఈ పిల్ల ఇవాళ నడుస్తూ ఉండేది."

టోర్గేర్ లేచి రెండడుగులు వేశాడు. కొడతాడేమోనని హాల్వోర్ మధ్యలోకి రాబోయాడు.

"ఒరేయ్, నిన్ను ఎందుకు పిలవలేదో తెలుసా?" అన్నాడు టోర్గేర్. "పోయినేడు లివరు రెండుసార్లు నీ చేతిలోంచి జారింది. గాలి వెనక్కి వచ్చింది. నువ్వు పడుకున్నాక నానా తంటాలు పడి నేనొక్కణ్ణే మళ్ళీ మొత్తం చేసుకున్నా. నీ చెయ్యి వణుకుతోందిరా అని నీ మొహం మీద చెప్పలేకపోయా. అందుకని ఈ దిక్కుమాలిన వాల్వు కొన్నా."

"నా చెయ్యి వణుకుతుందని నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్ను పిలవడం మానేస్తావని!"

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఏడుస్తూ రొప్పుతున్నారు. ఆరు పదులు దాటిన మగవాళ్ళు అలా ఏడ్వడం మా వైపు ఎవరూ చూసి ఉండరు. కోల్‌బైన్ నేల చూపులు చూస్తూ, "ఆ కాగితం చదవమని నేను గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

"కాగితం నేను చదివా," అన్నాడు టోర్గేర్. "వీడికి చూపించలేదు, అంతే. గీత నేనే గీసి మూసేశా. వీడు చూడకపోతే చాలనుకున్నా."

"శుక్రవారం పోలీసుల దగ్గరికి నేను వస్తాను. సంతకం నాది," అన్నాడు స్టైనార్. పోలీసావిడ తలూపింది. రగ్నా తన నివేదిక ఆమెకి అందించింది. కేసు అక్కడికి అయిపోయింది. హాల్వోర్ కళ్ళలో ఆరాధన పొంగిపోతోంది. రగ్నా మాత్రం చేయకూడని పని చేసినట్టు సంచి సర్దుకుంటోంది. ముప్పై ఏళ్ళు విరిగిన ఇనుము చూసిన మనిషికి ఎదురుగా విరిగిన మనుషుల్ని చూడ్డం చేతకాదు.

"అయిపోయిందా?" అంది సిన్నె. "ఇక నేను మాట్లాడొచ్చా?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"స్టైనార్ మామయ్యా, నువ్వే చేశావని నాకు వారం కిందటే అర్థమైంది. ఏ తప్పూ చేయనివాడు నా దిండు అన్నిసార్లు సర్దడు. కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఎప్పుడు పోతుందో తెలీదు. అయినా రేపు పోలీసుల దగ్గర పనయ్యాక రా. పది గంటల ఫెర్రీ ఉంటుంది."

స్టైనార్ తలుపు పక్క గోడకి ఆనుకున్నాడు. ఆమె కుర్చీ చక్రం తిప్పుకుని తండ్రికి ఎదురుగా వచ్చింది.

"నాన్నా, నువ్వేం చేయలేదని తేలింది. సంతోషమా?"

"నేనే అయ్యుంటే బాగుండేదనిపిస్తోందమ్మా," అన్నాడు టోర్గేర్.

"ఆ బ్రేకు నువ్వే పాడుచేసినా నేను అడిగేదాన్ని కాదు. పడ్డ రోజునే అనుకున్నా, నాన్న పొరపాటు చేసుంటాడు, పోనీలే అని. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే తలుపు వైపే చూశా. మెలకువ వచ్చాకా అదే తలుపు చూశా. నా కాలు విరగ్గొట్టినవాడు రోజూ వచ్చాడు నాన్నా. ఏ పాపం తెలియని నువ్వు ఇరవై అయిదు రోజులు రాలేదు. దీనికి ఎవర్ని పెట్టి కనుక్కుంటావు?"

టోర్గేర్ జవాబు కోసం రగ్నా వైపు చూశాడు. ఆమె హాల్వోర్ మోచెయ్యి పట్టుకుని అప్పటికే గుమ్మం దాటుతోంది.

ఇన్నాళ్ళూ తను చేయని తప్పుకి కుమిలిపోయిన మనిషి, చేసిన తప్పుకి మొదటిసారి ఏడ్చాడు. సిన్నె ఆయన్ని ఓదార్చలేదు. కుర్చీ మాత్రం తన దగ్గరికి లాక్కోమంది.